వార్తల్లో పదం: హెల్మెట్ థెరపీ

పసిబిడ్డ తల ఒకపక్కగానో వెనకవైపో చదునైతే, కొలతకు చేయించిన తేలికపాటి టోపీ తొడిగి సరిచేయడమే హెల్మెట్ థెరపీ. ఒకపక్క చదునును వైద్యులు ప్లేజియోసెఫలీ అంటారు. టోపీ తలను నొక్కదు. ఎత్తుగా ఉన్నచోట ఆనుకుని, చదునైనచోట ఖాళీ వదులుతుంది. పెరిగే పుర్రె ఆ ఖాళీని నింపుతుంది. అందుకే నాలుగు నుంచి ఆరు నెలల వయసులో మొదలుపెడతారు. రోజుకు 23 గంటల దాకా ఉంచాలి.

పిల్లల్ని బోర్లా నిద్రపుచ్చొద్దని 1992లో అమెరికా శిశువైద్యుల సంఘం చెప్పింది. నిద్రలో ఆకస్మిక మరణాలు బాగా తగ్గాయి, చదునైన తలలు పెరిగాయి.

విదేశంలోని మనవణ్ని వీడియోకాల్‌లో ఈ టోపీతో చూసే మదనపల్లె, పుంగనూరు అమ్మమ్మల బెంగ వేరు: ఈ బరువుతో బోర్లా పడేదెప్పుడు, బొబ్బట్లు పంచేదెప్పుడు? టోపీ పావుకిలో అటూఇటూ ఉంటుంది. అలవాటయ్యాక బోర్లా పడటానికీ పాకడానికీ సాధారణంగా అడ్డురాదు. ఆలస్యమైతే మెడ కండరం బిగుసుకుందేమో, ముందునుంచే కదలిక తక్కువేమో చూడాలి. అసలు ఆసరా లేకుండా కూర్చునే వయసే నాలుగు నుంచి తొమ్మిది నెలల దాకా మారుతుంది.

టోపీ అవసరంపై ఏకాభిప్రాయం లేదు. 2014లో నెదర్లాండ్స్‌లో 84 మంది పిల్లలపై జరిగిన పరీక్షలో, రెండేళ్ల వయసుకు పెట్టినవారికీ పెట్టనివారికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మరీ తీవ్రమైన కేసులను అందులో చేర్చలేదు.

మెలకువలో రోజుకు కనీసం అరగంట బోర్లా ఉంచమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. దీనికి ఖర్చులేదు. పుర్రె అతుకులు ముందే మూసుకుపోతే మాత్రం టోపీ ఒక్కటే చాలదు; ఆ తేడాను కుప్పం పీఈఎస్ వంటి వైద్య కళాశాల ఆస్పత్రుల్లో పిల్లల వైద్యులే తేల్చాలి.