బల్ల మీద పల్నాటి యుద్ధం.. పందెం మాత్రం వద్దు!

మిర్చి కల్లాలు సర్దేసే సమయానికి మన గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు ప్రాంతాల్లో ఎండలు ముదురుతాయి. ఉదయం పదకొండు దాటితే పిల్లల్ని బయటికి పంపలేం. ఇంట్లో ఉంటే చేతికి ఫోన్. పిల్లలనే ఏముంది, పెద్దలదీ అదే వరస. ‘ఫోన్ పక్కన పెట్టు’ అని రోజుకు పదిసార్లు అంటాం గానీ, పెట్టాక ఏం చేయాలో చెప్పం. ఆ ఖాళీని నింపే సరదా ఒకటుంది. చిన్న చిన్న సైనికుల బొమ్మలు చేసి, రంగులేసి, బల్ల మీద బారులు తీర్చి యుద్ధం ఆడటం. తాత నుంచి మనవరాలి దాకా ఇంటిల్లిపాదీ కలిసి ఆడుకోవచ్చు. ఎలా మొదలుపెట్టాలో, ఏ జాగ్రత్తలు తీసుకోవాలో చూద్దాం.

ఏమిటీ ఆట?

చదరంగంలో గళ్లుంటాయి. ఇందులో ఉండవు. బల్లే యుద్ధభూమి. కొండలు, ఏరులు, ఊళ్లు మీరే పేర్చుకుంటారు. ఏ బొమ్మ ఎంత దూరం కదలాలో టేపుతో కొలుస్తారు. దెబ్బ తగిలిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. ఎత్తుగడ మీది, అదృష్టం పాచికది.

1824లో ప్రష్యా సైన్యం తన అధికారులకు యుద్ధతంత్రం నేర్పడానికి ఇలాంటి ఆటను వాడుకుంది. 1913లో ఇంగ్లండ్ రచయిత హెచ్.జి.వెల్స్ ‘లిటిల్ వార్స్’ అనే పుస్తకం రాసి, దీన్ని ఇళ్లలో ఆడుకునే సరదాగా మార్చారు. నిజమైన యుద్ధం కంటే ఈ బొమ్మల యుద్ధం ఎంతో మేలన్నది ఆయన వాదన. ఆ మరుసటి ఏడాదే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. 1983లో ఇంగ్లండ్‌లోనే వచ్చిన ‘వార్‌హ్యామర్’ ఆటతో ఈ అభిరుచి చాలా దేశాలకు పాకింది. ఇందులో ఎక్కువగా వాడే బొమ్మ ఎత్తు సుమారు 28 మిల్లీమీటర్లు. అంటే మన బొటనవేలి పై కణుపు కన్నా కాస్త పొడవు.

మనకు మరీ కొత్తేం కాదు

ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం.. ఈ నాలుగు అంగాల సైన్యం పేరే చతురంగం. గుంటూరులో పుట్టిన పెంటేల హరికృష్ణ 2001లో గ్రాండ్‌మాస్టర్ అయింది దాని వారసత్వమైన చదరంగంలోనే. గుడి అరుగుల మీద గీసుకుని ఆడే పులి-మేక సంగతి చెప్పనే అక్కర్లేదు. మూడు పులుల్ని పదిహేను మేకలు కలిసికట్టుగా కదిలి కట్టేయడం.. ఇంతకంటే గొప్ప వ్యూహ పాఠం ఏముంటుంది? పేరు పులిజూదమైనా అందులో పందెం లేదు. ఇక చిన్న బొమ్మలు చేసే చేతులు కృష్ణకు అవతలి ఒడ్డున కొండపల్లిలో తరతరాలుగా ఉన్నాయి. తెల్లపొణికి చెక్కను చెక్కి, చింతగింజల పొడితో చేసిన మక్కుతో ముక్కలు అతికి, రంగులేస్తారు.

యుద్ధ కథ కోసం వెతుక్కోవాల్సిన పనీ లేదు. 12వ శతాబ్దపు పల్నాటి కథ మనకు తెలిసిందే. కోడిపందెంలో ఓడిన పక్షం ఏడేళ్లు వలస పోవాల్సి వచ్చింది. గడువు తీరాక రాజ్యంలో వాటా దక్కలేదు. చివరికి నాగులేటి ఒడ్డున కారంపూడిలో రెండు పక్షాలూ రక్తం చిందించాయి. ఏటా కార్తికమాసంలో కారంపూడిలో జరిగే వీరుల ఉత్సవాల్లో మందపోరు, కోడిపోరు నేటికీ ఆ కథనే గుర్తు చేస్తాయి. బల్ల మీద ఆడే మొదటి యుద్ధానికి ఇంతకంటే దగ్గరి కథ దొరకదు.

ఆరోగ్యానికి ఏం మేలు?

ఈ ఆట ప్రత్యేకంగా ఫలానా జబ్బును తగ్గిస్తుందని చెప్పలేం. అయితే ఇందులో ఉన్న పనులు మాత్రం మంచివే.

మెదడుకు: న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ప్రాంతంలో 75 ఏళ్లు దాటిన 469 మందిని సుమారు ఐదేళ్ల పాటు గమనించారు. చదవడం, బల్లపై ఆటలు ఆడటం, వాద్యాలు వాయించడం, నృత్యం చేయడం అలవాటున్న వారిలో మతిమరుపు జబ్బు ముప్పు తక్కువగా కనిపించింది. ఈ ఫలితాలు 2003లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. ఆటల వల్లే ముప్పు తగ్గిందని దీంతో తేల్చలేం. మెదడు చురుగ్గా ఉన్నవారే ఆటలు ఎక్కువగా ఆడుతుండొచ్చు. అయినా పెద్దవాళ్లను ఒంటరిగా టీవీ ముందు వదిలేయడం కంటే ఆటలో కూర్చోబెట్టడం ఎప్పుడూ మంచిదే.

చేతులకు: కత్తిరించడం, అతికించడం, సన్నని కుంచెతో రంగులేయడం వల్ల పిల్లలకు వేళ్ల మీద పట్టు వస్తుంది. కీళ్లనొప్పులున్న పెద్దవాళ్లు కుంచె కాడకు పాత బట్ట చుట్టి లావుగా చేసుకుంటే పట్టుకోవడం తేలిక.

మనసుకు: ఫోన్ ఆటలో ఓడితే ఒక్క నొక్కుతో మళ్లీ మొదలు. ఇక్కడ అలా కుదరదు. ఎదుటివాడి వంతు అయ్యేదాకా ఆగాలి. కొలత దగ్గర తగవొస్తే మాట్లాడి తేల్చుకోవాలి. ఓడితే ఎదుటివాడి మొహం చూసి ఒప్పుకోవాలి.

శుభలేఖలతోనే సైన్యం

బయటి దేశాల నుంచి తెప్పించుకునే బొమ్మలు ఖరీదైనవి. మొదట్లోనే వాటి జోలికి వెళ్లొద్దు. ఇంట్లో పడున్న శుభలేఖలు తీయండి. దళసరి అట్ట కాబట్టి బొమ్మలకు సరిగ్గా సరిపోతుంది. రెండంగుళాల ఎత్తున మనిషి ఆకారం గీసి కత్తిరించండి. అడుగున మడతపెట్టి, గుండ్రటి అట్టముక్క మీద మామూలు తెల్ల జిగురుతో అతికించండి. ఒక పక్షానికి ఎరుపు, రెండోదానికి పసుపు వేస్తే చాలు.

మంచం దుప్పటిని బల్ల మీద పరిచి, దాని కింద పుస్తకాలు పెడితే కొండలు తయారు. నీలి చున్నీ మడిచి పరిస్తే ఏరు. వేప పుల్లలు గుచ్చితే చెట్లు. లూడో పాచికలు రెండు, దర్జీ టేపు ఒకటి. ఇంతే సరంజామా. నాలుగైదు ఆటలయ్యాక కూడా పిల్లలకు ఆసక్తి నిలిస్తే అప్పుడు కొనే బొమ్మల గురించి ఆలోచించొచ్చు.

మొదటి యుద్ధం: నాగులేరు దాటండి

నాలుగడుగుల చదరం చాలు. మధ్యలో అడ్డంగా చున్నీ ఏరు. ఒక్కో పక్షానికి 12 బొమ్మలు: 8 మంది కాల్బలం, 2 గుర్రాలు, ఇద్దరు విలుకాళ్లు. ఎవరి అంచు దగ్గర వాళ్లు ఆరంగుళాల్లోపు బొమ్మల్ని నిలబెట్టాలి. ఒకరి వంతు పూర్తయ్యాక మరొకరి వంతు.

* వంతులో కాల్బలం, విలుకాళ్లు 6 అంగుళాలు, గుర్రాలు 10 అంగుళాలు కదలొచ్చు. ఏట్లో దిగితే అందులో సగమే.
* విలుకాడు ఆ వంతులో కదలకుండా ఉంటేనే బాణం వేయాలి. 12 అంగుళాల్లోపు ఉన్న శత్రువు మీద పాచిక వేస్తే 5 గానీ 6 గానీ పడాలి. పడితే ఆ బొమ్మ పక్కకు.
* రెండు బొమ్మలు తగిలితే చెరో పాచిక వేయండి. ఎక్కువ పడ్డవారిది గెలుపు. గుర్రానికి ఒకటి కలపండి. సమానమైతే ఇద్దరూ అక్కడే నిలబడి, వచ్చే వంతులో మళ్లీ తలపడతారు.
* ఇద్దరికీ ఎనిమిదేసి వంతులు. చివరికి ఏరు దాటి అవతలి ఒడ్డున ఎక్కువమందిని నిలబెట్టిన పక్షానిదే విజయం.

అందర్నీ దాటిస్తే మన ఒడ్డు ఖాళీ అవుతుంది. అందర్నీ కాపలా పెడితే గెలుపు రాదు. ఆట మొత్తం ఈ మెలిక మీదే నడుస్తుంది. బాగా చిన్నపిల్లలుంటే వాళ్లకు పాచికలు వేసే పని అప్పగించి, పెద్దల పక్కన కూర్చోబెట్టుకోండి.

జిగురుకూ పత్తికీ పడదు

ఈ సరదాలో అసలు ప్రమాదం బల్ల మీది యుద్ధంలో లేదు, బొమ్మల తయారీలో ఉంది. పత్తి, మిర్చి పండించే ఇళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి.

క్షణంలో అతుక్కునే జిగురు: సైనోయాక్రిలేట్ రకం జిగురు పత్తికి గానీ నూలు బట్టకు గానీ తగిలితే ఒక్కసారిగా వేడి పుడుతుంది. పొగ వచ్చి చర్మం కాలొచ్చు. కాబట్టి ఒలికిన జిగురును దూదితోనో, పాత నూలు గుడ్డతోనో తుడవొద్దు. బట్ట మీద పడి కాలితే ఆ చోట 20 నిమిషాలు కుళాయి నీరు ధారగా పోసి డాక్టర్‌కు చూపించండి. వేళ్లు అతుక్కుంటే గుంజొద్దు. గోరువెచ్చని సబ్బు నీటిలో నానబెట్టి మెల్లగా విడదీయండి. కంట్లో పడితే రెప్పలు బలవంతంగా తెరవకుండా, గోరువెచ్చని నీటితో కడుగుతూ వెంటనే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పిల్లలకు మామూలు తెల్ల జిగురే ఇవ్వండి.

పురుగుమందుల డబ్బాలు: మూతలు, కొలత గిన్నెలు, ఖాళీ సీసాలు చూడ్డానికి కోట బురుజుల్లా, రంగు కలిపే గిన్నెల్లా అనిపిస్తాయి. ఎంత కడిగినా వాటిని వాడొద్దు. పొలం నుంచి తెచ్చిన పత్తి కట్టెలు కూడా వద్దు. మందు చల్లిన పైరు కదా!

రంగులు: నీటితో కలిపే అక్రిలిక్ రంగులు మేలు. కుంచె మొనను నోట్లో పెట్టి సన్నగా చేసే అలవాటు చాలామందికి ఉంటుంది. మాన్పించండి. మిర్చి ముట్టుకున్న చేత్తో కళ్లు నలుపుకోనట్టే, రంగు చేత్తో తిండి ముట్టుకోకూడదు. పాత లోహపు బొమ్మల్లో సీసం ఉండొచ్చు. సీసానికి ‘ఇంతవరకు ఫర్వాలేదు’ అనే మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లల చేతికి అవి ఇవ్వొద్దు.

థర్మోకోల్: కొండలకు బాగుంటుంది గానీ వేడి తీగతో కోస్తే హానికరమైన పొగ వస్తుంది. అట్టపెట్టెలే నయం.

చిన్న ముక్కలు, అయస్కాంతాలు: మూడేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో బొమ్మలు, పాచికలు మూత ఉన్న డబ్బాలో ఎత్తున పెట్టండి. గొంతుకు అడ్డుపడటంలో వేరుశనగ గింజ ఎంతో ఇవీ అంతే. కొందరు బొమ్మల చేతులు మార్చుకునేందుకు చిన్న శక్తిమంతమైన అయస్కాంతాలు పెడతారు. రెండు మింగితే అవి లోపల పేగులను పట్టి నొక్కి రంధ్రం చేయొచ్చు. మింగారని అనుమానం వస్తే వాంతి చేయించొద్దు. నొప్పి వచ్చేదాకా ఆగొద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కళ్లకు, మెడకు విరామం

రంగులేసేటప్పుడు ప్రతి 20 నిమిషాలకోసారి తల ఎత్తి, 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడండి. కుడిచేత్తో పనిచేసేవారికి వెలుతురు ఎడమవైపు నుంచి పడాలి. బొమ్మ మీదికి వంగడం కాదు, బొమ్మనే కళ్ల దగ్గరికి ఎత్తుకోవాలి. నలభై దాటినవారు చత్వారం అద్దాలు పెట్టుకోకుండా కళ్లు చికిలించి చేయొద్దు. ఆట మాత్రం నిలబడి, బల్ల చుట్టూ తిరుగుతూ ఆడండి.

ఇది ఆరుబయట ఆటలకు బదులు కాదు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజూ సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసే ఆటలుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఆరుబయట గడపడం హ్రస్వదృష్టి రాకుండా కూడా కొంత కాపాడుతుంది. ఎండ మండే వేళ బల్ల దగ్గర, పొద్దు వాలాక మైదానంలో.. ఇలా సర్దుకోండి.

ఓడటం నేర్పండి

‘యుద్ధం ఆడితే పిల్లల్లో కోపం పెరగదా?’ అని కొందరి భయం. ఆట తర్వాత పెద్దలు ఏం మాట్లాడతారన్నది ముఖ్యం. ఎవరు ఎందుకు ఓడారో మాట్లాడుకోండి. మరుసటి ఆటలో పక్షాలు మార్చుకోండి. అప్పుడు నాగమ్మ వైపు నుంచీ, బ్రహ్మనాయుడి వైపు నుంచీ కూడా కథ కనిపిస్తుంది. చాపకూడు పేరుతో అందర్నీ ఒకే బంతిలో కూర్చోబెట్టిన కథ కూడా పల్నాటిదే. ఆట అయ్యాక రెండు పక్షాలూ కలిసి తినాలన్న నియమం పెట్టుకోండి.

ఒక్క నియమం మాత్రం ఎన్నడూ సడలించొద్దు: పందెం వద్దు. పది రూపాయలైనా, చాక్లెట్ అయినా వద్దు. పందెం పెట్టిన క్షణం నుంచి ఓటమి నష్టంగా మారుతుంది. నష్టాన్ని పూడ్చుకోవాలన్న కసి మొదలవుతుంది. పేకాటలో, కోడిపందేల్లో, ఇప్పుడు ఫోన్ జూదంలో ఇళ్లు గుల్లయ్యేది ఆ కసితోనే. ఏమీ పోగొట్టుకోకుండా ఓడిపోవడం చిన్నప్పుడే అలవాటైన పిల్లలకు ఓటమి అంటే బెదురు తగ్గుతుంది. ఇంట్లో ఎవరైనా ఇప్పటికే పందెం వ్యసనం నుంచి బయటపడలేకపోతుంటే దాచిపెట్టొద్దు. 14416 నంబర్‌కు ఫోన్ చేస్తే టెలీ మానస్ సలహాదారులు ఉచితంగా మాట్లాడతారు.

ఈ ఆదివారం మధ్యాహ్నం పాత శుభలేఖల కట్ట విప్పి, కత్తెర తీయండి. సాయంత్రానికి ఇరవై నాలుగు మంది సైనికులు సిద్ధమవుతారు.