మీ నాన్నగారేం చేస్తారు?

మేనేజ్‌మెంట్ పరిశోధన ఒక దారి, కంపెనీల నడక ఇంకో దారి అనేది పాత మాటే. పరిశోధకుల భాష అర్థం కాదనీ, మేనేజర్లకు చదివే తీరిక లేదనీ కారణాలు చెప్తుంటారు. ఉద్యోగాల్లో కులం సంగతి చూస్తే ఈ రెండూ నిలబడవని మేమంటున్నాం.

సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ చేసిన పనిలో అర్థంకానిదేముంది? 2005 అక్టోబరు నుంచి 66 వారాలపాటు ప్రైవేటు కంపెనీల 548 ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. చదువులు సమానం, పేర్లే వేరు. అగ్రకుల పేరుకు పిలుపొచ్చే అవకాశాన్ని ఒకటి అనుకుంటే దళిత పేరుకు 0.67, ముస్లిం పేరుకు 0.33 అని లెక్క తేలింది. మనిషి ముఖం చూడకముందే వడపోత అయిపోయిందన్నమాట.

పిలుపొస్తే మాత్రం? కేథరిన్ న్యూమన్, సురీందర్ జోధ్కా 25 మంది హెచ్.ఆర్. మేనేజర్లతో మాట్లాడి 2007లో రాశారు. వాళ్ల నోట మెరిట్ మాటే. కానీ అభ్యర్థి కుటుంబ నేపథ్యం కూడా వాళ్లకు కావాలి. తండ్రి ఏం చేస్తాడు, ఇంట్లో ఎవరేం చదివారు! ‘కూలి’ అనాలా, ‘వ్యవసాయం’ అనాలా అని రాత్రంతా మథనపడి ఇంటర్వ్యూకెళ్లే పిల్లలు మన హాస్టళ్లలో ఉన్నారు. అడిగినాయన తనకు కులపట్టింపు లేదనే నమ్ముతాడు. జవాబులో మాత్రం కులమూ, భూమీ రెండూ ఆయనకు తెలిసిపోతాయి.

తమాషా ఏమిటంటే, అందరినీ అవే ప్రశ్నలడిగి ముందే రాసుకున్న కొలతతో మార్కులేసే ఇంటర్వ్యూ, కబుర్లలా సాగే ఇంటర్వ్యూ కంటే పనితనాన్ని బాగా అంచనా వేస్తుందని మేనేజ్‌మెంట్ పరిశోధనే ఏళ్లుగా చెప్తోంది. ఎం.బి.ఏ. పాఠాల్లోనూ ఉంది. ఆ పాఠం చదివినాయనే బల్ల వెనక కూర్చుని నాన్న సంగతి అడుగుతాడు.

2006లో సి.ఐ.ఐ., అసోచామ్‌ల తరఫున జె.జె. ఇరానీ బృందం రిజర్వేషన్లు వద్దంది. శిక్షణ, స్కాలర్‌షిప్పులు ఇస్తామంది. అవి అక్కర్లేదనం. కానీ అవన్నీ దరఖాస్తుదారుణ్ణి బాగుచేసే మందులు. జబ్బు బల్లకు అవతలుందని మరుసటి ఏడాదే పై పరిశోధనలు చూపించాయి. మందు మారలేదు. మార్చేదెవరు? వెయ్యి పెద్ద కంపెనీల 2010 నాటి డైరెక్టర్లను లెక్కేసిన అధ్యయనం 2012లో వచ్చింది. అగ్రకులాలవారు దాదాపు 93 శాతం, ఎస్సీ ఎస్టీలు కలిపి 3.5 శాతం.

చేయాల్సిన పనికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. మొదటి వడపోతలో పేరు, తండ్రి పేరు, ఊరు కప్పేయాలి. కుటుంబం ప్రశ్న తీసేయాలి. ఏ కులంవాళ్లు ఎందరు దరఖాస్తు పెట్టారు, ఎందర్ని పిలిచారు అన్న లెక్క రాయాలి. కాలేజీల్లో ప్లేస్‌మెంట్ బాధ్యత చూసే అధ్యాపకులు మన పత్రిక చదువుతున్నారు. ఈసారి వచ్చే కంపెనీని, ఇంటర్వ్యూ ప్రశ్నల జాబితా ముందే పంపమని వాళ్లు అడగొచ్చు.