ఉపకళా కణజాలం – చర్మం: పశ్చిమ కర్నూలు పశుపోషణలో వాటి అన్వయం

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల నల్లరేగడి పొలాలలో గుంటక తోలడానికి, గొర్రుతో విత్తనం వేయడానికి నేటికీ ఎద్దుల జతలు కనిపిస్తాయి. సంతలో ఎద్దును కొనదలచిన రైతు పళ్లు చూసిన తరువాత మెడ మీద, మూపురం మీద చేయి వేసి తడిమి చూస్తాడు. కాడి రాపిడికి వెంట్రుకలు ఊడి గట్టిపడిన చోటును, పాత పుండు మానిన మచ్చను అతని వేళ్లు పసిగడతాయి. ఈ రెండింటికీ గల భేదాన్ని వివరించేది శరీర నిర్మాణ శాస్త్రం. ఆ వివరణ తెలిసిన విస్తరణ శాస్త్రవేత్త రైతుకు ఇచ్చే సలహా మరింత సార్థకమవుతుంది.

చర్మం ఉపకళా కణజాలమేనా?

విద్యార్థులు తరచుగా చర్మాన్ని ఉపకళా కణజాలంగా పేర్కొంటారు. ఇది సగం మాత్రమే నిజం. చర్మం ఒక అవయవం. దానిలో ఒకటికి మించిన కణజాలాలు ఉంటాయి. పై పొర అయిన బాహ్యచర్మం స్తరిత శల్కల ఉపకళ. ఇది పిండ దశలోని బాహ్యస్తరం నుండి ఏర్పడుతుంది. దాని కింది అంతశ్చర్మం కొల్లాజెన్ తంతువులు, రక్తనాళాలు, నాడులతో కూడిన సంయోజక కణజాలం. ఇది ప్రధానంగా మధ్యస్తరం నుండి పుడుతుంది. ఈ రెండింటి మధ్య ఆధార త్వచం ఉంటుంది. అన్నిటికన్నా లోపల కొవ్వుతో కూడిన అధశ్చర్మం ఉంటుంది.

మరోవైపు ఉపకళా కణజాలం చర్మానికే పరిమితం కాదు. శ్వాసనాళంలో అది శైలికలు గల స్తంభాకార కణాలుగా, మూత్రపిండ నాళికలలో ఘనాకార కణాలుగా, పేగులో పోషకాలను గ్రహించే పొరగా కనిపిస్తుంది. పశువు మొదటి పొట్ట అయిన రూమెన్ లోపలి పొర కూడా చర్మం వలెనే కెరాటిన్ గల స్తరిత శల్కల ఉపకళే. ముతక మేత రాపిడిని తట్టుకోవలసిన చోట ప్రకృతి అదే నిర్మాణాన్ని వాడుకొన్నది.

ఉపకళలో రక్తనాళాలు ఉండవు. దాని కణాలకు ఆహారం, ప్రాణవాయువు కింది సంయోజక కణజాలం నుండి విసరణ ద్వారానే అందుతాయి. దిగువన చెప్పబోయే వ్యాధి లక్షణాలలో చాలా వాటికి మూలం ఈ ఒక్క విషయంలోనే ఉన్నది.

ఉన్ని, కొమ్ము, గిట్ట

ఈ మెట్ట ప్రాంతపు కురుబల మందలలోని దక్కనీ గొర్రెల నుండి గొంగళ్లకు అవసరమైన ముతక ఉన్ని లభిస్తుంది. ఉన్ని పోగు బాహ్యచర్మం నుండి పుట్టినదే. బాహ్యచర్మం అంతశ్చర్మంలోకి గొట్టంలా దిగి రోమపుటికగా మారుతుంది. దాని అడుగున కణాలు విభజన చెంది, కెరాటిన్‌తో నిండి, నిర్జీవమై పోగుగా పైకి వస్తాయి. అందుచేతనే ఉన్ని కత్తిరించినప్పుడు గొర్రెకు నొప్పి ఉండదు. పుటిక చెడనంత కాలం ఉన్ని మళ్లీ పెరుగుతుంది. కొమ్ము తొడుగు, గిట్ట పెంకు, స్వేద గ్రంథులు, పాల పొదుగు కూడా బాహ్యచర్మపు సంతతే.

తోలు విషయం ఇందుకు భిన్నం. తోలు శుద్ధిలో సున్నపు నీటిలో నానబెట్టి వెంట్రుకలతో పాటు బాహ్యచర్మాన్ని తొలగిస్తారు. తోలుగా మిగిలేది అంతశ్చర్మమే. అంటే గొంగళి ఉపకళ ప్రసాదం, చెప్పు సంయోజక కణజాలపు ప్రసాదం.

వ్యాధి ఏ పొరలో?

గాలికుంటు వ్యాధిలో వైరస్ నాలుక, చిగుళ్లు, గిట్టల నడుమ ఉన్న ఉపకళను ఆశ్రయిస్తుంది. బొబ్బలు పగిలి పై పొర ఊడినా, ఆధార కణాలు మిగిలి ఉంటే, రెండవ దశ సూక్ష్మజీవులు చేరకుంటే పుండ్లు త్వరగా మానతాయి. 2019లో ప్రారంభమైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమం కింద ఈ వ్యాధికి టీకాలు వేస్తున్నారు.

2019లోనే ఒడిశాలో మన దేశంలో తొలిసారిగా గుర్తించిన ముద్దచర్మ వ్యాధిలో గడ్డలు బాహ్యచర్మంతో ఆగవు. అంతశ్చర్మాన్ని, ఒక్కొక్కప్పుడు అధశ్చర్మాన్ని కూడా ఆక్రమిస్తాయి. గడ్డ కుళ్లి ఊడినప్పుడు లోతైన గుంట ఏర్పడుతుంది. మానిన తరువాత కూడా మచ్చ మిగిలి తోలు విలువ పడిపోతుంది.

వర్షాల అనంతరం సన్నటి కుట్టే ఈగల ద్వారా గొర్రెలకు సోకే నీలినాలుక వ్యాధి మూడవ తరహా. ఇందులో వైరస్ ప్రధానంగా రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తుంది. రక్త ప్రసరణ తగ్గగా, సొంత రక్తనాళాలు లేని నోటి ఉపకళ పోషణ కరువై ఊడిపోతుంది. పుండు నోటిలో కనిపిస్తున్నా మూలం నాళంలో ఉన్నది.

కాడి పుండు: క్షేత్ర స్థాయి సలహా

మితమైన రాపిడికి బాహ్యచర్మం కెరాటిన్ పెంచుకొని గట్టిపడుతుంది. ఇది రక్షణ చర్య. దీనికి చికిత్స అవసరం లేదు. కాడి ఒకే చోట ఎడతెగక నొక్కినప్పుడు మాత్రం అంతశ్చర్మంలోని సన్నని రక్తనాళాలు మూసుకుపోయి పై కణాలు చనిపోతాయి. గాయం పైపైన ఉంటే అంచుల ఆధార కణాలు, రోమపుటికల కణాలు పాకి దానిని కప్పివేస్తాయి. వెంట్రుకలు మళ్లీ వస్తాయి. పుటికలు కూడా నశించేంత లోతైనదైతే వెంట్రుకలు లేని మచ్చ మాత్రమే మిగులుతుంది. ఆ మచ్చ అసలు చర్మమంత బలమైనది కాదు గనుక అక్కడే పుండు మళ్లీ రేగుతుంది.

కనుక రైతులకు చెప్పవలసిన అంశాలు ఇవి: ఎత్తులో సరిపోయే ఎద్దులనే జతకట్టాలి. కాడి మెడకు ఆనే భాగం నునుపుగా, వెడల్పుగా ఉండాలి. మెడ వాచి, తాకితే పశువు బెదిరినప్పుడే పని ఆపాలి. చర్మం చిట్లే వరకు వేచి ఉండరాదు. పుండును కాచి చల్లార్చిన ఉప్పునీటితో కడిగి, ఈగలు వాలకుండా పూత మందు రాయాలి. కాలిన ఇంజిన్ ఆయిల్, ఘాటైన రసాయనాలు పూస్తే పురుగుతో పాటు కొత్తగా పాకుతున్న ఉపకళా కణాలు కూడా మాడిపోతాయి. పుండు పూర్తిగా మూసుకొనే వరకు ఎద్దును కాడికి కట్టరాదు.

విత్తనపు అదను మించిపోతున్న వేళ ఈ చివరి సలహా రైతుకు కష్టంగానే తోస్తుంది. నల్లరేగడిలో పదును రెండు మూడు దినాలకు మించి నిలవకపోవచ్చు. అందువలన కాడి, మెడల పరీక్షను తొలకరికి ముందే, వేసవి పశువైద్య శిబిరాలలో చేపట్టడం మేలు. గాయం ఎంత లోతు, దానికి రక్తం ఎక్కడి నుండి అందుతున్నది అన్న రెండు ప్రశ్నలను విద్యార్థి ప్రతి పశువు వద్దా వేసుకొంటే, తరగతి గదిలో నేర్చిన చర్మ నిర్మాణం పొలంలో ఒక జత ఎద్దుల పని దినాలను కాపాడగలదు.