అన్నకు పులి... బుడ్డోడికి బిస్కెట్‌!

పదమూడేళ్ల అన్నకు పులి కనిపించాలి. ఎనిమిదేళ్ల చెల్లికి కోతిపిల్ల కనిపించినా పండగే. నాలుగేళ్ల బుడ్డోడికి గంటకోసారి బిస్కెట్‌ అందితే చాలు! ముగ్గురినీ ఒకే జీపు ఎక్కించి, ఎవరి ముఖమూ చిన్నబోకుండా చూసుకోవడమే సఫారీలో అసలు పరీక్ష.

హైదరాబాద్‌ నుంచి కాజీపేట మీదుగా రైల్లో చంద్రాపూర్‌ వెళ్తే, మహారాష్ట్రలోని తడోబా పులుల అభయారణ్యం అక్కడికి దగ్గరే. తెల్లవారుజామున మొదలయ్యే సఫారీ మూడు నాలుగు గంటలు సాగుతుంది. అడవిలో ఎక్కడపడితే అక్కడ జీపు దిగనివ్వరు. అందుకే సీట్లు బుక్‌ చేసేముందు చిన్నోడి ఓపికను లెక్కేసుకోండి. వానాకాలంలో కోర్‌ ప్రాంతాన్ని మూసేస్తారు. మండువేసవిలో నీటిగుంటల దగ్గర పులి కనిపించే అవకాశం ఎక్కువే కానీ, పైకప్పులేని జీపులో ఆ ఎండకి పసివాళ్లు తట్టుకోలేరు. ఫిబ్రవరి అయితే అందరికీ నయం.

తొలి సఫారీకి అంతా కలిసి వెళ్లండి. రెండోదానికి అమ్మానాన్నల్లో ఒకరు చిన్నోడితో బసలోనే ఉండిపోతే, పెద్దపిల్లలు నిశ్చింతగా అడవిని చూస్తారు. అన్నకు బైనాక్యులర్స్‌, చెల్లికి చూసినవన్నీ రాసుకోవడానికో పుస్తకం ఇవ్వండి. పులిని పసిగడితే కొండముచ్చులూ దుప్పులూ హెచ్చరికగా అరుస్తాయని ముందే చెప్పండి. ఇక, పులి కనిపించకపోయినా బెంగలేదు. ఆ అరుపు కోసం చెవులు రిక్కించి కూర్చున్న ఉదయాన్నే స్నేహితులకు కథలుకథలుగా చెబుతారు!