కడుపు క్యాన్సర్: ముందు కీమో, తర్వాత శస్త్రచికిత్స ఎందుకు?

ఎండోస్కోపీలో జీర్ణాశయ క్యాన్సర్ బయటపడగానే కుటుంబ సభ్యులు వైద్యుణ్ని అడిగే మొదటి ప్రశ్న: ఆపరేషన్ ఎప్పుడు? ‘ముందు రెండు నెలలు కీమోథెరపీ, ఆ తర్వాతే శస్త్రచికిత్స’ అన్న సమాధానం వినగానే చాలామంది కలవరపడతారు. గడ్డను లోపలే ఉంచి మందులతో కాలం గడిపితే వ్యాధి ముదిరిపోదా అన్నది వారి భయం. వెంటనే ఆపరేషన్ చేసే మరో ఆసుపత్రి కోసం వెతికేవారూ ఉన్నారు. ఆ భయం సహజమే. అయితే చికిత్సను ఈ క్రమంలో చేయాలన్న నిర్ణయానికి సుమారు రెండు దశాబ్దాల పరిశోధనలు ఆధారంగా ఉన్నాయి.

ఆలస్యంగా బయటపడే వ్యాధి

2022 అంచనాల ప్రకారం ప్రపంచంలో కొత్తగా నమోదయ్యే క్యాన్సర్లలోనూ, క్యాన్సర్ మరణాలలోనూ జీర్ణాశయ క్యాన్సర్‌ది ఐదో స్థానం. మన దేశంలో ఈశాన్య రాష్ట్రాలలో, ముఖ్యంగా మిజోరంలో దీని తీవ్రత ఎక్కువ. తొలి దశలో అజీర్తి, కడుపు మంట, కొద్దిగా తినగానే కడుపు నిండినట్లు అనిపించడం వంటి సాధారణ లక్షణాలే కనిపిస్తాయి. వాటిని గ్యాస్ సమస్యగా భావించి నెలల తరబడి మాత్రలతో సరిపెట్టుకోవడం వల్ల, అసలు వ్యాధిని గుర్తించేసరికి కణితి జీర్ణాశయపు గోడలోకి లోతుగా చొచ్చుకుపోయి ఉంటుంది. చుట్టూ ఉన్న లింఫ్ గ్రంథులకూ వ్యాపించి ఉండవచ్చు.

ఈ దశలో కణితిని, లింఫ్ గ్రంథులను పూర్తిగా తొలగించినా కొంతమందిలో వ్యాధి తిరగబెడుతుంది. శస్త్రచికిత్స నాటికే రక్తం ద్వారానో, ఉదర కుహరంలోనో చేరిన సూక్ష్మ క్యాన్సర్ కణాలు ఇందుకు కారణం. అవి స్కాన్‌కు చిక్కవు, సర్జన్ కంటికీ కనబడవు. శరీరమంతటా ప్రసరించే మందు మాత్రమే వాటిని చేరగలదు.

ఆపరేషన్ తర్వాత ఇస్తే సరిపోదా?

జీర్ణాశయాన్ని కొంతగానీ పూర్తిగా గానీ తొలగించాక రోగి బరువు తగ్గుతాడు, ఆహారం కొద్దికొద్దిగా మాత్రమే తీసుకోగలుగుతాడు. కోలుకోవడానికి వారాలు పడుతుంది. ఆ స్థితిలో కీమోథెరపీని తట్టుకోవడం అందరికీ సాధ్యం కాదు.

బ్రిటన్ పరిశోధకుల నేతృత్వంలో జరిగి 2006లో వెలువడిన ‘మ్యాజిక్’ అధ్యయనం దీనిని స్పష్టంగా చూపింది. అందులో 503 మంది పాల్గొన్నారు. కీమోథెరపీకి ఎంపికైన 250 మందిలో 215 మంది శస్త్రచికిత్సకు ముందు ఇవ్వవలసిన మూడు విడతలనూ పూర్తి చేసుకున్నారు. శస్త్రచికిత్స తర్వాత మాత్రం 137 మందే మందులను మళ్లీ ప్రారంభించగలిగారు. అయినప్పటికీ ఐదేళ్ల తర్వాత జీవించి ఉన్నవారు కీమో పొందిన వర్గంలో 36 శాతం కాగా, కేవలం శస్త్రచికిత్స జరిగిన వర్గంలో 23 శాతం. శరీరం బలంగా ఉన్నప్పుడే మందులు ఇవ్వాలన్న వాదనకు ఈ అంకెలే బలం చేకూర్చాయి.

తర్వాత జర్మనీలో 716 మందిపై జరిగిన అధ్యయనం నాలుగు మందులు కలిసిన ‘ఫ్లాట్’ విధానాన్ని ముందుకు తెచ్చింది. 2019లో ప్రచురితమైన ఆ ఫలితాల ప్రకారం, మధ్యస్థ జీవితకాలం పాత విధానంలో 35 నెలలు కాగా, ఫ్లాట్‌లో 50 నెలలకు పెరిగింది. ఈ విధానంలో రెండు వారాలకొకటి చొప్పున శస్త్రచికిత్సకు ముందు నాలుగు విడతలు, తర్వాత నాలుగు విడతలు ఇస్తారు. దీనికి దుర్వాలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందును జోడిస్తే వ్యాధి తిరగబెట్టే ముప్పు మరింత తగ్గుతుందని 2025లో వెలువడిన మరో అధ్యయనం తెలిపింది. అయితే ఆ మందు ఖరీదైనది.

గడ్డ పెరిగిపోదా?

చాలామందిలో కీమోతో కణితి కుంచించుకుపోయి, దానిని అంచులతో సహా పూర్తిగా తొలగించే అవకాశం మెరుగుపడుతుంది. కొద్దిమందిలో మాత్రం మందులకు లొంగకుండా వ్యాధి పెరగవచ్చు. అందుకే రోగి పరిస్థితిని గమనిస్తూ, శస్త్రచికిత్సకు ముందు మళ్లీ స్కాన్ చేస్తారు.

ఈ పద్ధతి అందరికీ వర్తించదు. లోపలి పొరలకే పరిమితమైన తొలి దశ క్యాన్సర్‌కు ముందస్తు కీమో అవసరం ఉండదు. ఆగని రక్తస్రావం, జీర్ణాశయానికి రంధ్రం పడటం వంటి అత్యవసర పరిస్థితుల్లో ముందు ఆపరేషన్ చేయవలసి రావచ్చు. కణితి జన్యు లక్షణాలను బట్టి కూడా చికిత్స మారుతుంది. జపాన్, దక్షిణ కొరియాలలో ముందు శస్త్రచికిత్స చేసి, తర్వాత కీమో ఇచ్చే పద్ధతి బలంగా ఉంది. అక్కడ స్క్రీనింగ్ వల్ల ఎక్కువ మందిలో వ్యాధి ముందుగానే బయటపడుతుంది.

కుటుంబం గమనించవలసినవి

చికిత్స ప్రారంభానికి ముందు సీటీ స్కాన్‌తో పాటు, చాలామందికి ల్యాపరోస్కోపీ ద్వారా ఉదరం లోపల వ్యాధి వ్యాపించిందేమో పరిశీలిస్తారు. దీనిని అనవసరపు ఖర్చుగా భావించరాదు. స్కాన్‌లో కనిపించని వ్యాప్తి ఇందులో బయటపడవచ్చు.

కీమో కాలంలో జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరితే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. తెల్ల రక్తకణాలు తగ్గినప్పుడు సోకే ఇన్ఫెక్షన్ ప్రాణాంతకం కావచ్చు. విరేచనాలు, వాంతులు ఎక్కువైనా, చేతులు, కాళ్లు తిమ్మిరెక్కినా వైద్యునికి తెలపాలి. బరువు తగ్గకుండా చూసుకోవడం చికిత్సలో భాగమే. నోటితో తినలేనివారికి గొట్టం ద్వారా ఆహారం అందిస్తారు.

మరో ప్రమాదం ఉపశమనంతోనే వస్తుంది. రెండు మూడు విడతలు పూర్తయ్యేసరికి చాలామందికి ఆకలి పెరుగుతుంది, నొప్పి తగ్గుతుంది. వ్యాధి నయమైందన్న భావనతో కొందరు శస్త్రచికిత్సను వాయిదా వేస్తారు. కీమో ఆపిన కొంతకాలానికి మిగిలిన కణాలు మళ్లీ పెరుగుతాయి. అందువల్ల మందులు ప్రారంభించే రోజునే శస్త్రచికిత్స సుమారుగా ఏ వారంలో జరుగుతుందో అడిగి తెలుసుకోవాలి. సాధారణంగా చివరి విడత తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలలో దానిని నిర్వహిస్తారు. ఆ తేదీని దాటనివ్వకుండా చూడటం కుటుంబం బాధ్యత.