మేడమీద పొద్దుతిరుగుడు

మన సంఘ సభ్యుల్లో సొంత పెరడు ఉన్నవారు చేతులెత్తండి అంటే పైకి లేచే చేతులు కొద్దివే. మాంబళంలోనో, పెరంబూరులోనో కొబ్బరిచెట్టు, బావి ఉన్న ఆ పాత ఇళ్ళు చాలావరకు ఫ్లాట్లయిపోయాయి. మనకు మిగిలింది ఒక బాల్కనీ, లేదా ఇక్కడివారు మొట్టమాడి అనే ఉమ్మడి డాబా. అద్దె ఇళ్ళవారు, బదిలీ ఉద్యోగాలవారు కూడా మనలో ఎందరో ఉన్నారు. రేపు ఎక్కడుంటామో తెలియనప్పుడు మొక్కలెందుకు అనుకోవడం సహజమే. అలా అనుకునేవారికోసమే ఈ నాలుగు మాటలు. మామిడి కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది. పొద్దుతిరుగుడుకి మూడు నెలలు చాలు. విత్తు నుంచి మళ్ళీ విత్తు దాకా దాని జీవితమంతా తొంభై రోజుల డిపాజిట్ లాంటిది.

బి.కాం. చదివి బ్యాంకులో లెక్కలు చూసుకునేవాడికి ఈ వ్యవసాయం గొడవెందుకని మీరు అడగవచ్చు. మా నాన్నగారు ఇప్పటి నంద్యాల జిల్లాలో నల్లరేగడి రైతు. ఆయన పోయాక, 2021లో అమ్మను చెన్నై తీసుకువచ్చాం. ఆమెకు ఎనభై ఏళ్ళు. "ఈడ నాకేం పనుంది నాయనా, ఊరికి పంపీ" అని వారానికొకసారైనా అనేది. ఊళ్ళో ఇల్లు తాళం వేసి ఉంది. పంపితే చూసేవారు లేరు, ఉంచితే వీధి తలుపు వంక చూస్తూ కూర్చునేది. ఆమె చేతికి తెలిసిన పని ఏదో ఒకటి ఉండాలని మేడమీద ఆరు కుండీలు పెట్టాం.

ఈ మొక్క కూడా మనలాగే పుట్టినచోటు వదిలి వచ్చినదే. దీని స్వస్థలం ఉత్తర అమెరికా. అక్కడి ఆదివాసులు వేల ఏళ్ళ క్రితమే సాగు చేశారు. 16వ శతాబ్దంలో స్పెయిన్ వారు ఐరోపాకు తీసుకువెళ్ళారు. నూనె పంటగా దానికి పేరు తెచ్చింది రష్యావారు. 1969 ప్రాంతంలో సోవియట్ రకాల విత్తనాలు మన దేశానికి వచ్చాయి. తర్వాత పాతికేళ్ళలో కర్ణాటక, రాయలసీమ నేలల్లో పసుపు చేలు పరుచుకున్నాయి. 1990ల తొలినాళ్ళలో దేశం మొత్తం మీద ఇరవై లక్షల హెక్టార్లు దాటిన ఈ పంట, ఇటీవలి సంవత్సరాల్లో అందులో పదో వంతుకు పడిపోయింది. అందుకే 2022లో ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలుకాగానే మన వంటింట్లో నూనె ధర మండింది. పంట చేలల్లో తగ్గినా, కుండీలో వేసుకోవడానికి మనకు అడ్డేమీ లేదు.

ముందు కాలం సంగతి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నైలో ఈశాన్య రుతుపవనాల వానలు. కుండీలో నీరు నిలిస్తే ఈ మొక్క వేరు కుళ్ళుతుంది. మే నెలలో కత్తిరి ఎండలు. ఈ రెండింటి మధ్య, సంక్రాంతి ముందూ వెనకా విత్తుకుంటే ఉగాది నాటికి గింజ చేతికొస్తుంది.

పొట్టి రకమైతే అడుగు వెడల్పు కుండీలో ఒక మొక్క. పొడుగు రకమైతే ఇరవై లీటర్ల పెయింటు డబ్బా కావాలి, అడుగున చిల్లులు తప్పనిసరి. ఎర్రమట్టి, ఇసుక, మాగిన ఎరువు కలిపి నింపాలి. వలిచిన పప్పు, వేయించిన గింజలు మొలవవు. విత్తనాల దుకాణంలో పొట్టుతో ఉన్నవే కొనాలి. వాటికి రంగు పూసి ఉంటే అది మందు, పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడాలి. గింజను అంగుళం లోతున, పెరగవలసిన కుండీలోనే నాటండి. నారు పోసి మార్చడం దీని తల్లివేరుకు పడదు. మన వేడికి వారం లోపే మొలక వస్తుంది. గింజ పొట్టును టోపీలా నెత్తిన పెట్టుకుని లేచే ఆ రెండాకులను పిల్లలకు తప్పక చూపించండి. ఆ రెండాకులంటే ఉడుతలకు మహా ప్రీతి. మా ఆరింటిలో రెండు అలాగే పోయాయి. అడుగు కోసేసిన నీళ్ళ సీసాను మొలక మీద బోర్లిస్తే చాలు.

ఆరేడు గంటల ఎండ తగలాలి. మొగ్గ వేసినప్పటి నుంచి గింజ గట్టిపడేదాకా నీటికి లోటు రాకూడదు. 2019 వేసవిలో లారీ నీళ్ళ కోసం బిందెలతో నిలబడ్డ ఊరు మనది కనుక మేం బియ్యం కడిగిన నీళ్ళు, కూరలు కడిగిన నీళ్ళే పోశాం.

ఇక పేరు సంగతి. పొద్దు వెంట తిరుగుతుంది కనుక పొద్దుతిరుగుడు అన్నాం. నిజానికి ఆ తిరుగుడంతా లేత వయసులోనే. పగలు కాండానికి తూర్పు పక్క ఎక్కువగా పెరిగి తల పడమటికి వాలుతుంది. రాత్రి పడమటి పక్క పెరిగి మళ్ళీ తూర్పుకు చేరుతుంది. పువ్వు విచ్చాక ఎదుగుదల ఆగుతుంది, తిరుగుడూ ఆగుతుంది. ఇక చివరిదాకా తూర్పు ముఖమే. ఎందుకని? కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు 2016లో దీని మీద పరిశోధన ప్రకటించారు. తూర్పుకు చూసే పువ్వు ఉదయాన్నే త్వరగా వెచ్చబడుతుందట. పడమటికి తిప్పిపెట్టిన పువ్వులకన్నా దాని మీద తేనెటీగలు ఎన్నో రెట్లు ఎక్కువగా వాలాయట. మనకు దీనివల్ల ఒక ఉపయోగం ఉంది. కుండీలను మేడకు పడమటి అంచున పెట్టుకోండి. తూర్పున పెడితే మీకు పువ్వు వీపే కనిపిస్తుంది.

మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి వందల పువ్వుల గుత్తి. చుట్టూ ఉన్న పసుపు రేకులు గింజ కట్టవు. నడుమనున్న చిన్న పువ్వులు అంచు నుంచి లోపలికి రోజుకు కొన్ని వరుసల చొప్పున విచ్చుకుంటాయి. పట్నంలో తేనెటీగలు తక్కువ కనుక గింజలు తాలుగా పోయే ప్రమాదం ఉంది. దీనికి రైతులు చేసే ఉపాయమే మనమూ చేయవచ్చు. ఉదయం తొమ్మిది, పదకొండు గంటల మధ్య చేతికి మెత్తని గుడ్డ చుట్టుకుని ఒక పువ్వు మీద, తర్వాత మరో పువ్వు మీద మెల్లగా రుద్దాలి. అలా పది రోజులపాటు రోజు విడిచి రోజు చేయాలి. అందుకే ఒక్క మొక్కతో ఊరుకోక నాలుగైనా వేయాలి. ఈ పని మా ఇంట్లో అమ్మది. పాత వాయిల్ చీర ముక్క చేతికి చుట్టుకుని మెట్లెక్కేది. తొమ్మిదయ్యేసరికి నాకన్నా ముందు తయారుగా ఉండేది.

మాకు ఒక గడువుండేది. అది 2024. డాబాకు వాటర్‌ప్రూఫింగ్ చేయించాలి, ఉగాదికల్లా కుండీలు తీసెయ్యాలి అని మా అపార్ట్‌మెంటు కమిటీ చెప్పింది. కనుమ మరునాడు విత్తాం. ఆ ఏడు ఉగాది ఏప్రిల్ 9న. అంటే ఎనభై మూడు రోజులు. ఏప్రిల్ తొలి వారంలో నేను కత్తెర తీసుకుని వెళ్తే అమ్మ తల వెనక తడిమి చూసి, "ఇంగా పచ్చిగుంది. ఎనకపక్క పసుప్పచ్చగా తిరిగినాక కోద్దాం" అంది. చిలకలు రాకుండా తలలకు గుడ్డ సంచులు కట్టింది. గడువు రోజు కూడా రెండు తలలు పచ్చగానే ఉన్నాయి. మూడేళ్ళలో గుమ్మం దాటి పొరుగువారితో మాట్లాడని మనిషి కింద అంతస్తుకు దిగి, కమిటీ కార్యదర్శి తలుపు తట్టి, "రెండు నాళు తంబీ" అంది. ఆయన నాలుగు రోజులిచ్చారు.

కోసిన తలలను నీడలో ఆరబెట్టి, కర్రతో మెల్లగా కొడితే గింజలు రాలాయి. నాలుగు మొక్కలకు చేటలో సగం. నూనె లెక్కన చూస్తే ఒక పోపుకు చాలదు. ఖర్చు, రాబడి రాస్తే ఏ ఆడిటరూ ఒప్పుకోడు. అమ్మకు ఊరి మీద బెంగ తీరిందని కూడా చెప్పను, ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది. కాని ఆ గింజల్లో లావుపాటివి ఏరి, గుడ్డలో మూటకట్టి, పోపుడబ్బాల వెనక దాచింది. ఎందుకంటే, "వచ్చే సంక్రాంతికి" అంది.

విత్తనం దాచదలచినవారు ఒక్కటి గుర్తుంచుకోవాలి. హైబ్రిడ్ గింజలు మరుసటి ఏడు తల్లిలా రావు, ఒక్కొక్కటి ఒక్కో తీరుగా వస్తుంది. మోర్డెన్ వంటి పొట్టి రకమైతే దాచుకోవచ్చు. అది ఎనభై రోజులకు అటూ ఇటూగా కోతకు వస్తుంది. మాది ఆ రకమే. డాబా పని పూర్తయ్యాక కుండీలు మళ్ళీ పైకెక్కాయి. కావలసినవారు సంఘం సమావేశంలో నన్ను అడగండి. మనిషికి ఆరు గింజలు ఇస్తాను, రెండు ఉడుతలకు.