చెడగొట్టి చూసేదీ మంచికే!

"చెడగొట్టడానికి కూడా జీతమిస్తారటే?" అంటూ బుగ్గలు నొక్కుకుంది మా చిలకలూరిపేట అత్తయ్య. అవును, నా ఉద్యోగమే అది. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ప్రోగ్రాం మీ చేతికి రాకముందే దాన్ని ఎలాగైనా పడగొట్టాలని చూస్తాను. వయసు అడిగినచోట పేరు కొడతాను. ఖాతాలో వెయ్యి రూపాయలుంటే రెండు ఫోన్ల నుంచి ఒకేసారి వెయ్యి చొప్పున పంపబోతాను. రెండూ వెళ్లాయంటే లోపం దొరికినట్టే!

ఇందులో వింతేముంది? గుంటూరు మిర్చి యార్డులో పైకాయ ఎంత ఎర్రగా ఉన్నా కొనేవాళ్లు నమ్మరు. టిక్కీ లోపలికి చెయ్యిపెట్టి, కాయ తీసి విరిచి చూస్తారు. పత్తయితే దూది లాగి పింజ పొడవు చూస్తారు. నాలుగు కాయలు పాడైతేనేం, సరుకు సంగతి తేలిపోతుంది.

అమెరికాలో ఆచార్య బార్టన్ మిల్లర్ బృందం చేసిందీ ఇలాంటిదే. యూనిక్స్ ప్రోగ్రాముల మీద అర్థంపర్థం లేని అక్షరాలు కుమ్మరించింది. పాతిక నుంచి 33 శాతం దాకా ప్రోగ్రాములు కుప్పకూలడమో, బిగుసుకుపోవడమో జరిగిందని 1990లో ప్రకటించింది.

మరి ఆ లోపం అందరికీ సంబంధించిన యంత్రంలో ఉంటే? హైదరాబాదు ఇంజినీరు వేమూరి హరిప్రసాద్ మరో ఇద్దరు విదేశీ నిపుణులతో కలిసి 2010లో ఓటింగ్ యంత్రాన్ని పరీక్షించారు. యంత్రం చేతికి చిక్కితే, లోపలి భాగం మార్చి ఫలితాన్ని తారుమారు చేయొచ్చని చూపించారు. తమ కాపలా ఏర్పాట్లలో అది కుదిరే పని కాదంది ఎన్నికల సంఘం. యంత్రం దొంగిలించారన్న కేసులో ఆ ఆగస్టులో ఆయన్ను అరెస్టు చేశారు, తర్వాత బెయిలొచ్చింది. అదే ఏడాది అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ఆయనకు అవార్డిచ్చింది. 2019 లోక్‌సభ ఎన్నికలకల్లా ప్రతి బూత్‌లోనూ, మన ఓటు ఎవరికి పడిందో ఏడు సెకన్లు చూపించే చీటీ యంత్రం వచ్చింది.

అనుమతి లేకుండా ఎవరి కంప్యూటర్లోనైనా వేలు పెడితే 2000 నాటి ఐటీ చట్టం ఊరుకోదు. అది గుర్తుంచుకోవాల్సిందే. కానీ పరీక్షకు తలుపులు తెరవాల్సిన బాధ్యత తయారుచేసినవాళ్లదీ కదా! లోపాన్ని మనవాళ్లు ముందు పట్టుకుంటే దిద్దుకోవచ్చు. దొంగ ముందు పట్టుకుంటే పోయేది మన డబ్బు, మన ఓటు.

అందుకే మీ అమ్మాయి "ఇలా నొక్కితే ఏమవుతుందమ్మా?" అనడిగితే కసురుకోకండి. ఏం తేలిందో చెప్పమనండి.